మా పెద్దనాయన ముక్కు

మా పెద్దనాయన పోయిన సంగతి నాకు ఆళ్లగడ్డ బస్సు కండక్టరు చెప్పాడు. నంద్యాలలో నేను చదువుకున్న కాన్వెంటు బడిలోనే ఇప్పుడు లైబ్రరీ చూసుకుంటున్నాను. పోయిన నెల ఒక ఉదయం ఆ కండక్టరు బస్సును గేటు దగ్గర ఆపించి, వాచ్‌మన్‌తో కబురు పంపకుండా తానే దిగి లోపలికి వచ్చాడు. భుజాన తోలుసంచితోనే నిలబడి, "మీ పెద్దనాయన తెల్లారేటప్పుడు పోయినాడంటమ్మా. ఈ బస్సే తిరుక్కోని పోతాది, రా" అన్నాడు. నేను చేతిలో ఉన్న పుస్తకాన్ని అరలో పెట్టి, చెప్పులు వేసుకుని బయల్దేరాను. దారిలో ఆయన నన్ను టికెట్టు అడగలేదు. నేనూ ఇవ్వాలని అనుకోలేదు. ఆ సంగతి దిగాక గుర్తొచ్చింది.

సమాధి దగ్గర మా సంఘం అయ్యగారు ప్రార్థన చేశారు. ఈ దాసుని బలహీనతను మన్నించమనీ, మద్యానికి బానిసైన ఈ ఆత్మను కనికరించమనీ దేవుణ్ణి వేడుకున్నారు. అందరూ తలలు వంచుకుని ఆమేన్ అన్నారు. మా పెద్దమ్మ అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఉంది, గోళ్లు దిగేటట్టు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ నాతో అంది, "నువ్వు చదువుకున్నావు. ఉండేది ఉండేట్టు రాయి." అందుకే ఇది రాస్తున్నాను. మా పెద్దనాయన మందు కలిపేవాడు. తాగేవాడు కాదు. ముందు ఈ రెండు మాటలు చెప్పి తర్వాత మిగతాది చెప్తాను.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. నాయన ఆళ్లగడ్డలో మిషను బడి పంతులు, సంఘ పెద్ద. పెద్దనాయన నంద్యాల ఆఫీసర్ల క్లబ్బులో మందు కౌంటరు చూసేవాడు. వయసులో ఉన్నప్పుడు నీలగిరి కొండల్లో, తేయాకు తోటల దొరల క్లబ్బులో, ఒక ముసలి బట్లరు కింద పని నేర్చుకున్నాడు. దొరలు ఒక్కొక్కరే దేశం వదిలిపోయాక తిరిగి వచ్చి నంద్యాలలో చేరాడు. క్లబ్బు వెనక ఒక క్వార్టరు ఇచ్చారు. ఒక గది, వంటిల్లు, కొంచెం పెరడు. పిల్లలు లేరు. నన్ను కాన్వెంటులో వేసినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. నాయనకు అది ఇష్టం లేదు. క్లబ్బు గడప తొక్కనని నా దగ్గర మాట తీసుకుని వదిలిపెట్టాడు.

తొక్కే అవసరమూ రాలేదు. మా పెరటి గోడకు అవతలే క్లబ్బు వంటగది. పొద్దు వాలగానే అటునుంచి పేకముక్కలు పరిచే చప్పుడు, దగ్గులు, నవ్వులు. పెద్దనాయన ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కుని గోడలో ఉన్న చిన్న తలుపు గుండా అటు వెళ్లేవాడు. వెళ్లేముందు తప్పకుండా కాళ్లు కడుక్కునేవాడు, గుడికి పోయేవాడిలాగా. నేను ఒకసారి ఆ మాట అంటే పెద్దమ్మ, "గుళ్లో ఇంత శుభ్రం యాడుంటాది" అంది.

ఆయన ముక్కు పెద్దది, కొంచెం ఎడమ పక్కకు వంగింది. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మనిషి కంటే ముందు ముక్కు లోపలికి వచ్చిందని పెద్దమ్మ చెప్పేది. ఆ ముక్కుతోనే ఆయన బతికాడు. పప్పు అడుగంటక ముందే గదిలోంచి "దించు" అనేవాడు. బడికి బయల్దేరుతుంటే నా తల దగ్గర వంగి, "ఈ పొద్దు పోవద్దు పాపా, జ్వరం వస్తాంది" అనేవాడు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలేది. ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో పొర్లించి గోనెసంచిలో తెచ్చిన దిమ్మను కడిగి, వాసన చూసి, మళ్లీ కడిగేవాడు. కట్టె వాసన ఐసుకు పట్టిందంటే గ్లాసుకు పట్టినట్టేనట.

మందు రుచి చూసే పద్ధతి ఒకటి ఉండేది. చీపురుపుల్ల కొన ముంచి, ఎడమచేతి వెనక ఒక బొట్టు పెట్టుకునేవాడు. ముందు వాసన. తర్వాత నాలుక కొన. ఆ తర్వాత పెరట్లో ఉమ్మి, నీళ్లు పుక్కిలించి వచ్చేవాడు. మింగడం నేను ఎన్నడూ చూడలేదు. "మింగితే నాలుక రెండో గ్లాసు కాడ అబద్ధం చెప్తాది" అనేవాడు.

ఆయన పేరు క్లబ్బు దాటి వినబడింది ఆయన కలిపిన ఒకే ఒక్క మందు వల్ల. క్లబ్బు సెక్రటరీ గారి బావమరిది ఓడల మీద పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఒక రకం విస్కీ తెచ్చేవాడు. అది ఏదో దీవిలో చేసేదట. అక్కడ కట్టెలు లేక, బురదనేలను ముక్కలుగా కోసి, ఎండబెట్టి, మన పిడకల మాదిరి కాలుస్తారట. ఆ పొగకు గింజలు ఆరబెట్టి విస్కీ దించుతారట. క్లబ్బులో ఒక్కరికీ అది నచ్చలేదు. ఆసుపత్రి కంపు అన్నారు, కాలిన తాడు అన్నారు. సీసాలు అలమారలో నిలబడిపోయాయి.

పెద్దనాయనకు కొండల్లో ఉన్నప్పటి సంగతి ఒకటి గుర్తుంది. అక్కడ ఫ్రెంచి సన్యాసులు నూరు మూలికలతో చేసిన పచ్చటి తియ్యని మందు ఉండేదట. పొగ వాసన ఉన్న విస్కీలో దాన్ని కొంచెం వేస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేవట. నంద్యాలలో సన్యాసుల మందు యాడ దొరుకుతుంది? ఆత్మకూరు వైపు నుంచి ఒక చెంచు పెద్దామె షర్బత్‌కు వాడే నన్నారి వేళ్లు తెచ్చి మా వీధిలో అమ్మేది. పెద్దనాయన ఆ వేళ్లను దంచి, సోంపు, నిమ్మతొక్క, చిటికెడు చేదు నేలవేము చేర్చి, బ్రాందీలో నానబెట్టి, కలకండ పాకంతో తీపి కట్టాడు. దాన్ని వేరుమందు అనేవాడు. పొగ విస్కీలో ఆ వేరుమందు పడ్డాక, అంతవరకు ముఖం తిప్పుకున్న వాళ్లే ఇంకొకటి అడిగారట. సభ్యులు దానికి నల్లమల అని పేరు పెట్టుకున్నారు. కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసర్లు కూర్చోకముందే ఆ పేరు అడిగేవాళ్లు.

ఎట్లా కలపాలో వంటింట్లో కూర్చుని నాకు చెప్పేవాడు. నేను అడగకపోయినా చెప్పేవాడు. నేను ఏదీ అడగని పిల్లను. నిమ్మరసం, గుడ్డు పడిన వాటిని కుదపాలి. ఒట్టి మందులే ఉన్నవాటిని పొడుగు చెంచాతో తిప్పాలి. కుదిపితే గాలి చేరి మబ్బు పడుతుంది, ఐసు చితికి నీళ్లు ఎక్కువవుతాయి. చెంచా గాజుకు ఆనుకునే తిరగాలి, చప్పుడు రాకూడదు. ఐసు కరిగి చేరిన నీళ్లు కూడా మందులో భాగమే, అవి చాలకపోతే పొగ గొంతులో గుచ్చుకుంటుంది. వేరుమందు ఎక్కువైతే పొగ చస్తుంది, షర్బత్ అవుతుంది. తక్కువైతే పొగ ఒంటరిదై కంపు కొడుతుంది. "పొగ ఇంటిపెద్ద మాదిరి పాపా. ముందు అదే మాట్లాడాల. అదొకటే మాట్లాడకూడదు" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన స్టోరు గదిలో నిచ్చెన మీంచి వెనక్కు పడ్డాడు. తల వెనక భాగం బండకు తగిలింది. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి కట్టుతో తిరిగి వచ్చాడు. నడక, మాట అన్నీ బాగానే ఉన్నాయి. ఒకరోజు పెద్దమ్మ పప్పు మాడ్చింది. ఇల్లంతా వాసన. గదిలోంచి "దించు" అనే మాట రాలేదు. ఆయన వచ్చి కూర్చుని ఆ పప్పే కలుపుకుని తిన్నాడు. ఏమీ అనలేదు. కోపం వచ్చిందేమో అనుకుని పెద్దమ్మ కూడా ఏమీ అనలేదు.

మరునాడు బడి నుంచి వచ్చేసరికి ఆయన వంటింట్లో అర ముందు నిలబడి ఉన్నాడు. ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టి, మూసి, ఇంకోటి తీస్తున్నాడు. వేరుమందు, వెనిగరు, కిరసనాయిలు డబ్బా, పెద్దమ్మ తలనొప్పి బామ్. నన్ను చూసి కిరసనాయిలు మూత బిగించాడు.

"అన్నీ నీళ్లే పాపా," అన్నాడు.

కర్నూలు డాక్టరు చెప్పింది అదే. దెబ్బకు ముక్కు నరం తెగింది, మళ్లీ అతకదు. నాలుకకు తీపి, చేదు, పులుపు, ఉప్పు తెలుస్తాయి. పొగ తెలియదు, వేరు తెలియదు. నల్లమలలో ఉన్నవే ఆ రెండు.

సెక్రటరీ గారికి తెలిస్తే ఆ రోజే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. పని పోతే క్వార్టరు పోతుంది. పెద్దమ్మకు ఉబ్బసం, చలికాలం ఆసుపత్రి దగ్గర లేకపోతే గడవదు. అవన్నీ నిజమే. కానీ ఆయనకు అంతకంటే పెద్దది ఇంకొకటుంది. కౌంటరు వెనక నిలబడకపోతే తాను ఎవరో ఆయనకు తెలియదు. పెద్దమ్మ ముక్కు పనికిరాదు. "నా ముక్కు ఊపిరి తీసుకునేదానికే చాలదు, ఇంక వాసనలు యాడ చూసేది" అంది.

అట్లా నా వంతు వచ్చింది. ఆయన అడగలేదు. చీపురుపుల్ల ముంచి, తన చేతి మీద కాకుండా నా చేతి మీద బొట్టు పెట్టాడు. నేను వాసన చూశాను. బాగుంది అన్నాను.

"బాగుంది అనొద్దు. ఏముందో చెప్పు."

పుస్తకాల్లో చదివిన మాటలు ఒక్కటీ దానికి సరిపోలేదు. ఆయన కోప్పడలేదు. వానకు తడిసిన బొగ్గా, ఆరిపోయిన పిడకా, కొత్త పలకా, తడి గోనెపట్టా అని ఒక్కొక్కటే అడిగాడు. నేను ఆరిపోయిన పిడక అన్నాను. దాని వెనక ఏముంది? సోంపు. సోంపు వెనక? చెయ్యి మళ్లీ ముక్కుకు ఆనించాను. ఎండలో పెట్టిన మట్టికుండ అన్నాను. ఆయన ముఖం విప్పారింది. అది నన్నారి. "తీపి, చేదు నేను చూసుకుంటా. మిగిలింది నువ్వు చెప్పు. నాలుక నాది, ముక్కు నీది."

అప్పటినుంచి బడి విడిచాక, ఆయన కోటు తొడుక్కోకముందే, వంటింట్లో మా పని జరిగేది. విస్కీ, వేరుమందు ముందే కలిపి సీసాకు ఎత్తి ఉంచేవాడు. ఐసు వేసి తిప్పడం మాత్రం కౌంటరు దగ్గర. ప్రతి విస్కీ సీసాలో పొగ ఒకేలా ఉండదు. వేళ్లు వానను బట్టి మారతాయి. కొలత పాతదే అయినా బొట్టు కొత్తది. నేను పొగ ఎక్కువంటే ఒక చెంచా వేరుమందు పడేది. క్లాసులో పేరు పిలిస్తే గొంతు లేవని పిల్లను నేను. సిస్టర్ నన్ను నిలబెట్టి పాఠం చెప్పమంటే కళ్లలో నీళ్లు వచ్చేవి. ఆ వంటింట్లో మాత్రం ఉన్నది ఉన్నట్టు ఒక మాటలో చెప్పేదాన్ని. నాకు రాయడం వచ్చిందంటే అక్కడే వచ్చింది.

క్లబ్బులో ఎవరికీ అనుమానం రాలేదు. ముక్కు దగ్గర గ్లాసు పెట్టి, కళ్లు మూసి, తల ఊపి ఆయన ఎప్పటిలాగే అందించేవాడట. ఆ మాట చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అది ఒక ఏడాదికి కొంచెం పైన సాగింది. ఒక శనివారం నాయన చెప్పకుండా ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. సంచిలో వేరుశనక్కాయలు. నేను చెంబుతో నీళ్లు ఇచ్చాను. ఆయన చెంబు అందుకోలేదు, నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి తిప్పి వాసన చూశాడు.

"ఏందీ ఇది?"

నేను చెప్పబోయాను. పెద్దనాయన ముందే అందుకున్నాడు. సీసా ఎత్తుతుంటే చెయ్యి జారి నా మీద పడిందన్నాడు. నాయన ఆయన వైపు చూడనైనా లేదు. నా పుస్తకాలు సర్దమన్నాడు. ఆ సాయంత్రమే కాన్వెంటు హాస్టలుకు తీసుకుపోయాడు. సిస్టర్లు దయతలచి చేర్చుకున్నారు. పెద్దనాయన గేటు వరకు నా ట్రంకు మోసుకొచ్చాడు.

ఆ వానాకాలం ఒక ఇంజనీరు గారికి వీడ్కోలు విందు జరిగింది. ఆయన నల్లమల కావాలన్నారు. అప్పటికి పాత వేరుమందు అయిపోయింది. కొత్త వేళ్లు వానలో తడిసి వచ్చాయి, లోపల బూజు. కంటికి తెలియలేదు. పెద్దనాయన నాలుకకు తీపీ చేదూ సరిగ్గానే ఉన్నాయి. ట్రే నిండా గ్లాసులు పట్టుకుపోయి అందరికీ ఇచ్చి, ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కు వేసి, చేతులు కట్టుకుని, వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాడు. ఇంజనీరు గారు నోట్లోది రుమాల్లోకి ఉమ్మేశారు. చచ్చిన ఎలుక వాసన అన్నారు ఎవరో. గ్లాసులన్నీ కిందికి దిగాయి. పెద్దనాయన ఇంకా నిలబడే ఉన్నాడట, మెచ్చుకోలు కోసం.

సెక్రటరీ గారు నలుగురిలో అడిగారు, తాగి కలిపినావా అని.

"అవునయ్యా," అన్నాడు పెద్దనాయన.

ఇది నాకు ఆయనే చెప్పాడు. ఆదివారం పెద్దమ్మా ఆయనా హాస్టలుకు వచ్చారు. చూడవచ్చిన వాళ్ల గదిలో, బల్లకు అవతల సిస్టర్ జపమాల తిప్పుతూ కూర్చుని ఉండగా, గొంతు తగ్గించి చెప్పాడు. ఎందుకట్లా అన్నావు పెద్దనాయనా అని అడిగాను.

"తాగినోడికి వారం గడువు ఇస్తారు పాపా. ముక్కు లేనోడికి ఎవురిస్తారు?"

ఆయన లెక్క తప్పలేదు. క్లబ్బులో తాగి పనిచేసి తిట్లు తిన్నవాళ్లు ఆయనకు ముందూ ఉన్నారు. ఆయన్ను కూడా తిట్టి, కొన్నాళ్లు దూరంగా ఉంచి, మళ్లీ రానిచ్చారు. కౌంటరు మిగిలింది. సోడా, విస్కీ తప్ప ఏదీ కలపొద్దన్నారు. ఆయన కోరుకున్నదీ అదే. సోడాకు ముక్కు అక్కర్లేదు. ఆ ఆదివారమే, మీ నాయనతో కూడా చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. పెద్దమ్మ పక్కన కూర్చుని కొంగు చివర ముడేస్తూ విప్పుతూ ఉంది. "ఇంత బతుకు బతికి తాగుబోతు పేరు కొనుక్కున్నాడు మీ పెద్దనాయన" అంది. ఆయన ఆమె వైపు చూసి, "నీకేం తక్కువైంది, మొగుడు తాగొచ్చి కొట్టడం లేదు కదా" అన్నాడు. పెద్దమ్మకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు.

ఆయన లెక్కలోకి రానిది ఒకటుంది. క్లబ్బు గుమాస్తా మా సంఘం మనిషి. వారం తిరిగేలోపు కబురు ఆళ్లగడ్డ చేరింది. నాకు సెలవులు వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, పెద్దనాయనను సంఘం ముందు నిలబెట్టారు. ఆడవాళ్ల వైపు చాప మీద నేను, పెద్దమ్మ. అయ్యగారు అడిగారు, తాగినావా అని. గుమాస్తా ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఈడ చెప్పిన నిజం సోమవారం బస్సులో నంద్యాల చేరుతుంది.

"తాగినానయ్యా."

నేను లేవబోయాను. ఆయన మగవాళ్ల వైపు నుంచి నన్ను చూసి, తల అడ్డంగా ఊపాడు. చాలా కొద్దిగా. పెద్దమ్మ నా లంగా పట్టుకుని కూర్చోబెట్టింది.

రొట్టె, గిన్నె పంచుకునే ప్రభు బల్ల నుంచి ఆయన్ను తప్పించాలా అని పెద్దలను అడిగారు. మా నాయన వంతు వచ్చింది. "అన్న అని నేను అడ్డం రాను" అన్నాడు, కుడిచెయ్యి ఎత్తాడు. మా నాయన అబద్ధం ఎరగని మనిషి. ఆ రోజు కూడా తాను నిజం పక్కనే ఉన్నానని అనుకున్నాడు.

మోకాళ్లూని సంఘం ముందు పశ్చాత్తాపపడితే మళ్లీ బల్లకు చేర్చుకుంటామన్నారు. పెద్దనాయన ఎన్నడూ ఆ పని చేయలేదు. దానికి కూడా ఆయన దగ్గర కారణం ఉంది. అయ్యగారు అడిగితే అయ్యగారికి చెప్పాను, మోకాళ్లూని దేవునికి చెప్పమంటే చేయని దాన్ని ఎట్లా చెప్పేది అని మా ఇద్దరితో మాత్రం అన్నాడు. తాగుబోతు, పైగా మొండివాడు అని పేరు వచ్చింది.

పని మానేశాక ఇద్దరూ ఆళ్లగడ్డ వచ్చి కాలువ వైపు ఒక చిన్న ఇంట్లో ఉన్నారు. ఇంక దాచాల్సింది లేదు, చెప్పేయమని పెద్దమ్మ పోరేది. "ఇప్పుడు చెప్తే నా తమ్ముడు ఏమైపోతాడు? అందరి ముందర చెయ్యెత్తినోడు" అనేవాడు. నాయన ఆ ఇంటికి పండగకు ఒకసారి వచ్చి, గడప బయట నిలబడి పలకరించి పోయేవాడు. పెద్దనాయన ప్రతిసారీ కుర్చీ తెచ్చి వేసేవాడు. అది ఖాళీగానే ఉండేది.

నేను నంద్యాల నుంచి వెళ్లినప్పుడల్లా ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగేవాడు, ఈ పొద్దు ఏముందో చెప్పమని. నేను చెప్పేదాన్ని. నల్లరేగడి మీద వాన పడింది పెద్దనాయనా, వెలిసిపోయింది. పక్కింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఎవరో కొత్త చెప్పులు వేసుకుని పోయారు. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు, కొందరు పేపరు చదివించుకున్నట్టు. నేను తేలిగ్గా చెప్తే పట్టుకునేవాడు. వాన అంటే చాలదు, మొదటి వానా కడపటి వానా అనేవాడు.

రెండు నెలల కింద వెళ్లినప్పుడు గడప దగ్గరే ఆగిపోయాను. లోపల ఏదో కుళ్లింది. ఎలుక చచ్చిందేమో అనుకుని మంచం కింద చూశాను. ఆయన కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది. చెప్పు కరిచిందట, పుండు పడిందట, మానుతోందట. ఆయనకు చక్కెర జబ్బు, కాలికి నొప్పి తెలియదు. ఆయనకు వాసన తెలియదు. పెద్దమ్మకూ తెలియదు. ఆ ఇంట్లో ఆ కాలు ఎన్నాళ్ల నుంచి కుళ్లుతోందో చెప్పగలిగేవాళ్లు లేరు.

నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది.

"ఏముందో చెప్పు పాపా."

నేను కాలి గుడ్డ విప్పుతూ ఉన్నాను. తల ఎత్తలేదు.

"మాంసం పెద్దనాయనా. చెడిపోయిన మాంసం."

ఆయన ఆ కాలిని నా వైపు ఇంకొంచెం జరిపాడు. తర్వాత, ఇంకేమైనా ఉందా, తీపిగా ఏమైనా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. "అట్లయితే ఎముకకు పట్టింది" అన్నాడు. ఎట్లా తెలుసని నేను అడగలేదు.

కర్నూలులో మోకాలి పైకి తీసేశారు. విషం అప్పటికే పైకి పాకింది. ఇంక చేసేదేమీ లేదని ఇంటికి పంపారు. ఆళ్లగడ్డకు తెచ్చి దించాక, సెలవు అయిపోయి నేను నంద్యాల వచ్చేశాను. ఆ వారంలోనే కండక్టరు బడికి వచ్చాడు.

సమాధి అయిన మూడో రోజు నాయనకు అంతా చెప్పాను. ఆయన ఇంటి ముందు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. నిచ్చెన దగ్గర మొదలుపెట్టి చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆయన. ఒలవడం ఆపాడు. చివర ఒకటే అడిగాడు.

"ఆ పొద్దు నీ చేతి మీద ఉన్నిందేంది?"

"వాసన చూసేదానికి పెట్టిన బొట్టు నాయనా. నేను చూసి చెప్పకపోతే ఆయనకు తెలియదు."

ఆయన చేటను పక్కకు పెట్టి లోపలికి పోయాడు. ఆ రోజు అన్నం తినలేదు. పెద్దమ్మ ఇంటికి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. పోయి ఏమని చెప్తాడు?

ఈ నెల మొదటి ఆదివారం బల్లారాధన. నేను ఊళ్లోనే ఉన్నాను. నాయన ఎప్పటిలాగే ముందు వరసలో, మగవాళ్ల వైపు, చాప మీద కూర్చున్నాడు. రొట్టె విరిచారు. గిన్నె ఎత్తారు. పెద్దలు ముందు లేవాలి, వాళ్ల తర్వాతే మిగతా సంఘం. మిగిలిన ఇద్దరు పెద్దలూ లేచారు. నాయన లేవలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆనాడు అన్న మీద ఎత్తిన ఆ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు గిన్నెతో ఆగి ఆయన వైపు చూశారు. వెనక వాళ్లు కూడా ఆగారు. ఎవరో దగ్గారు. తర్వాత, ఏం చేయాలో తెలియక, వెనక వరస కదిలింది. పంచెలు పైకి పట్టుకుని, ఆయనకు తగలకుండా పక్కకు ఒరిగి, ఒక్కొక్కరే ఆయన్ను దాటుకుని బల్ల దగ్గరికి పోతూ ఉన్నారు.